అనిశ్చితకాలమున కార్యబృంద నాయకత్వము

నిర్వచనము

ఒక కార్యాలయమునందో కర్మాగారమునందో కలిసి పనిచేయు చిన్న సమూహము, తన సంస్థ నిలుచునో నిలువదో, తన పని యుండునో పోవునో, రేపు చేయవలసినది యెట్టిదో నిర్ణయింపజాలని స్థితిలో పడినపుడు, ఆ సమూహమును పనియందు నిలిపి, తెలిసినంతవఱకు నిజమును తెలిపి, తెలియనిదానిని సహించు శక్తిని దానికి కల్పించుట అనిశ్చితకాల నాయకత్వ మనబడును. సంస్థాధిపతుల నాయకత్వము దీనికి సన్నిహితమైన విషయమే యైనను (చూ. పారిశ్రామిక నిర్వహణము), ఇచ్చట ప్రధానముగ విచారింపబడునది పదిమందికో యిరువదిమందికో నేరుగా పని పురమాయించు మేస్త్రీ, ఫోర్‌మన్, సెక్షన్ ఆఫీసరు, టీం లీడరు మున్నగువారి నాయకత్వము. పైవారి నిర్ణయములలో వీరికి పాలుండుట అరుదు; ఆ నిర్ణయములను గూర్చి క్రిందివారడుగు ప్రశ్నలకు మాత్రము మొట్టమొదట ఎదురు నిలువవలసినవారు వీరే.

నష్టభయము, అనిశ్చితి, ఆపద

ఈ మూడు పదములును లోకవ్యవహారమున కలగలిసిపోయినను శాస్త్రమున భిన్నార్థములు గలవి. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో ప్రకటించిన గ్రంథమున, సంభావ్యతను గణించుటకు వీలైనది నష్టభయమనియు, గణనకు లొంగనిది అనిశ్చితియనియు విభజించెను. ఒక పట్టణమున ఏటేట ఎన్ని యిండ్లు అగ్నికి ఆహుతియగునో బీమా సంస్థ లెక్కకట్టగలదు. ఒక నూతన యంత్రము ప్రవేశించినపుడు ఫలానా వృత్తి మిగులునో మాయమగునో లెక్కకట్టుటకు పూర్వానుభవము చాలదు. ఆపద ఈ రెంటికిని వేఱు. తుపాను వచ్చినదనియు, నిప్పంటుకొన్నదనియు ఎల్లరకును తెలిసియే యుండును, చేయవలసినది సత్వరము చేయవలెను, ఆజ్ఞ చెల్లును. అనిశ్చితియో నెలలకొలది సాగునది, ఆరంభమును అంతమును కానరానిది. అందు ఆజ్ఞాపించుటకు నాయకునికే తగినంత తెలియకుండుట దాని ముఖ్యలక్షణము. కావున ఆపదకు పనికివచ్చు పద్ధతులను అనిశ్చితికి యథాతథముగ వర్తింపజేసిన గ్రంథములు పెక్కు పొరపడినవి.

ఉద్యోగులు అనుభవించు మనస్థితిని ఉద్యోగాభద్రత యందురు. గ్రీన్‌హాల్గ్, రోజెన్‌బ్లాట్ అను పరిశోధకులు 1984లో దీనిని నిర్వచించుచు, ముప్పు ఎంత తీవ్రమనుదానితోపాటు, ఆ ముప్పునెదుట తానేమియు చేయజాలనను నిస్సహాయత ఎంత గాఢమనుదానిని గూడ లెక్కింపవలెననిరి. ముప్పును తొలగించుట బృందనాయకుని చేతిలోనిది కాదు. నిస్సహాయతను తగ్గించుట కొంతవఱకైనను ఆయన చేతిలోనిదే.

చరిత్ర

కౌటిల్యుని అర్థశాస్త్రమందలి యెనిమిదవ అధికరణము వ్యసనములను, అనగా రాజ్యమునకు కలుగు విపత్తులను, గూర్చినది. స్వామికి (రాజునకు) కలిగిన వ్యసనము, అమాత్యునికి (మంత్రికి) కలిగిన వ్యసనము అను రెంటిలో రెండవదే గురుతరమని భారద్వాజుడు చెప్పగా, కౌటిల్యుడు దానిని త్రోసిపుచ్చి, స్వామి శీలమును బట్టియే తక్కిన ప్రకృతుల (రాజ్యాంగముల) శీలము ఏర్పడునను హేతువుతో స్వామివ్యసనమే గురుతరమనెను. నాయకుని చిత్తస్థితి అనుచరులకు సంక్రమించునను నేటి సిద్ధాంతమునకు ఇది పూర్వరూపమనవచ్చునుగాని, అర్థశాస్త్రము రాజ్యమును ఉద్దేశించినదే కాని వేతనజీవుల బృందమును ఉద్దేశించినది కాదు.

వేతనజీవులను గూర్చిన క్రమబద్ధమైన పరిశోధనకు మూలము, చికాగో చెంత వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథారన్ కర్మాగారమున 1924 మొదలు 1932 వఱకు జరిగిన ప్రయోగపరంపర. వెలుతురు హెచ్చించినచో ఉత్పత్తి హెచ్చునా యను అల్పమైన ప్రశ్నతో అది మొదలై, టెలిఫోను స్విచ్చులకు తీగలు కలుపు పదునలుగురు పనివారిని ప్రత్యేకమైన గదిలో పరిశీలించుటతో ముగిసెను. ఆ పదునలుగురును దినమునకు ఇంతయని తమలో తాము ఉత్పత్తికి హద్దు విధించుకొని, దానిని మీఱినవానిని ఎగతాళి చేసియు, భుజముపై ఒక గ్రుద్దు గ్రుద్దియు దారికి తెచ్చుచుండిరి. ఎక్కువ చేసినచో కూలి రేటు తగ్గింతురనియో, కొందఱిని తొలగింతురనియో వారి భయము. ఆ భయము నిరాధారమని తేల్చుట కష్టము. ఆర్థికమాంద్యమున పని తఱిగిపోవుటచేతనే ఆ పరిశీలన 1932లో నిలిచిపోయెను. పైవారు చెప్పినదానికంటె తోడివారు నమ్మినదియే పనిని శాసించునని దీనివలన స్పష్టమయ్యెను.

అదే మాంద్యము జపానును తాకినపుడు, 1929 సంవత్సరాంతమున, విద్యుత్పరికరముల తయారీదారుడగు మత్సుషిత కొనొసుకె సంస్థలో అమ్ముడుపోని సరకు గోదాములు నిండెను. పనివారిలో సగముమందిని తొలగింపవలెనని సహచరులు సూచింపగా, రోగశయ్యపై నున్న ఆయన, ఉత్పత్తిని సగమునకు తగ్గించి, పని పూటకు కుదించి, వేతనము పూర్తిగ నిచ్చి, ఒక్కరినైనను తొలగింపక, ఎల్లరును సరకు అమ్మకమునకు పూనుకొనవలెనని నిర్ణయించెను. కొలది నెలలలో నిలువయున్న సరకు చెల్లిపోయినదని సంస్థచరిత్ర చెప్పుచున్నది. నిర్వహణ పాఠ్యగ్రంథములు ఈ యుదాహరణమును తఱచు పేర్కొనును. వేతనపు భారమును కొంతకాలము మోయగల యజమానికే ఈ మార్గము సాధ్యమనుట మాత్రము వానిలో తఱచు విస్మరింపబడును.

బర్న్స్, స్టాకర్ అను బ్రిటిషు పరిశోధకులు స్కాట్లండు, ఇంగ్లండుల ఎలక్ట్రానిక్ సంస్థలను పరిశీలించి 1961లో ప్రకటించిన గ్రంథమున, స్థిరపరిస్థితులలో యాంత్రికమైన అధికారశ్రేణియు, మారుచున్న పరిస్థితులలో సజీవమైన, పరస్పరసంప్రదింపులతో కూడిన కూర్పును అనుకూలములని ప్రతిపాదించిరి. 1980లలో అమెరికా సైనిక విద్యాలయములలో పుట్టిన అస్థిరత, అనిశ్చితి, సంక్లిష్టత, సందిగ్ధత అను చతుష్టయము తరువాత వ్యాపారభాషలోనికి ప్రవేశించినది. అయితే అది స్థితికి పేరు పెట్టినంతగా చికిత్స చెప్పలేదు.

నాయకత్వ రీతులు

కర్ట్ లెవిన్ తన సహచరులైన లిప్పిట్, వైట్ అనువారితో 1939లో ప్రకటించిన ప్రయోగమున నిరంకుశము, ప్రజాస్వామికము, ఉదాసీనము అను మూడు రీతులు వివరింపబడినవి. ఆ ప్రయోగము పదేండ్ల యీడు బాలుర వినోదసంఘములపై జరిగినదని గుర్తుంచుకొనుట మంచిది. దానిని కర్మాగారములకు వర్తింపజేసినవారు తరువాతివారు. భారతదేశమున జయ్ బి. పి. సిన్హా 1980లో ప్రతిపాదించిన పోషక-కార్యనిష్ఠ నాయకత్వము వేఱొక మార్గము చూపును. పెద్దదిక్కును ఆశించు అలవాటు గల మన కార్యాలయములలో, నాయకుడు మొదట ఆదరమును చూపి, ఆ ఆదరమును పని నెరవేర్చుటతో ముడిపెట్టి, అనుచరుడు పక్వత పొందుకొలది తన పట్టును సడలించి, క్రమముగ సమష్టి నిర్ణయమునకు చేర్చవలెనని దాని సారము. అనిశ్చితకాలమున పెద్దదిక్కును వెదకు స్వభావము మఱింత హెచ్చును గనుక ఈ సిద్ధాంతమునకు అప్పుడు ప్రసక్తి అధికము. ఆదరమిచ్చిన నాయకుడు తీర్పఱి తానేయని భ్రమించు ప్రమాదమును అంతే అధికము.

వదంతియు సమాచారమును (చూ. వదంతి)

1934 జనవరి 15న బీహారులో సంభవించిన మహాభూకంపము తరువాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాదు అను మనస్తత్త్వశాస్త్రవేత్త సేకరించి 1935లో ప్రకటించెను. భూమి కంపించినను నష్టము కలుగని తావులలో సైతము, ఇంకను ఘోరములైన ఉత్పాతములు రానున్నవను వదంతులే ప్రబలినవి. భయపడినవారు ఊరట కోరవలసియుండగా మఱింత భయము నేల కోరిరను చిక్కుప్రశ్నను లియాన్ ఫెస్టింగర్ చేపట్టి, కలిగిన భయమునకు తగిన కారణమును కల్పించుకొనుటకే మనుష్యులు అట్టి మాటలను నమ్ముదురని ఊహించెను. 1957లో వెలువడిన ఆయన సంజ్ఞానవైరుధ్య సిద్ధాంతమునకు ఇదియొక బీజము. ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనువారు 1947లో, వదంతి యొక్క బలము విషయప్రాముఖ్యమును, దాని యస్పష్టతను గుణించిన లబ్ధమునకు అనుగుణముగ నుండుననియు, రెంటిలో ఏదియొకటి శూన్యమైనను వదంతి పుట్టదనియు సూత్రీకరించిరి.

ఈ సూత్రమునుండి బృందనాయకునికి లభించు కార్యసూచన సూటియైనది. ఉద్యోగము పోవునా యను విషయపు ప్రాముఖ్యమును తగ్గించుట ఎవరి వశమును కాదు. అస్పష్టత యొక్కటియే కొంత వశమైనది. వారమున ఒక నిర్ణీతదినమున, నిర్ణీతసమయమున బృందము నంతటిని కూర్చుండబెట్టి, తెలిసినది ఇది, తెలియనిది ఇది, తెలిసియు చెప్పుటకు తనకు అనుమతి లేనిది ఒకటి కలదు, తిరిగి చెప్పునది ఫలానా దినమున అని నాలుగు విధముల విడదీసి చెప్పుట అనుభవజ్ఞుల పద్ధతి. క్రొత్త సమాచారమేమియు లేనివారమున గూడ సమావేశమును మానరాదు. మానినచో ఆ మౌనమే ఒక వార్తయై టీకొట్టు దగ్గఱ వ్యాఖ్యానింపబడును. మూడవదానిని, అనగా చెప్పరానిది యొకటి యున్నదనుటను, పెక్కుమంది నాయకులు దాచుదురు. ఎవరికిని ఏమియు కాదని హామీ యిచ్చి, తరువాత లేఆఫ్ ఉత్తరువులు పంచిన నాయకుని మాట, ఆపై సత్యమైనను చెల్లదు.

ఫలితానిశ్చితి: శ్రీహరికోట, 1979-80

అనిశ్చితి ఎల్లప్పుడును ఉద్యోగమును గూర్చినదియే కానక్కఱలేదు. పని ఫలించునో లేదో యను సందేహమును దానిలోనిదే. నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 1979 ఆగస్టు 10న ప్రయోగించిన మొదటి ఎస్సెల్వీ-3 వాహనము, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లము కారిపోవుటచేత అదుపు తప్పి, బంగాళాఖాతమున పడిపోయెను. ప్రాజెక్టు డైరెక్టరు ఏ. పి. జె. అబ్దుల్ కలాము. సంస్థాధ్యక్షుడు సతీష్ ధావను పత్రికాప్రతినిధుల యెదుట తానే నిలిచి, వైఫల్యమునకు బాధ్యత తనదిగా జెప్పి, బృందముపై తన విశ్వాసమును ప్రకటించెననియు, 1980 జూలై 18న రెండవ ప్రయోగము ఫలించి 35 కిలోల రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినపుడు పత్రికలవారితో మాటాడుటకు కలామునే పంపెననియు, కలాము తన ప్రసంగములలో పెక్కుమార్లు చెప్పియున్నాడు.

ఈ వృత్తాంతము నాయకుని వినయమునకు నిదర్శనముగ చెప్పబడుట పరిపాటి. నిర్వహణదృష్టిలో దాని విలువ వేఱు. వైఫల్యమునకు శిక్ష ఎవరిపై పడునో యను సందేహము తొలగిపోయిన బృందమున, ఏ కవాటము ఎందుచేత చెడినదను విచారణ నిర్భయముగ సాగును. ఏమీ ఎడ్మండ్‌సన్ అను అమెరికా పరిశోధకురాలు ఆసుపత్రులలోని నర్సుల బృందములను పరిశీలించినపుడు, మంచి నాయకత్వము గల బృందములలో పొరపాట్లు ఎక్కువగ నమోదైనట్లు కనబడెను. అచ్చట పొరపాట్లు ఎక్కువగ జరుగుటచేత గాక, అచ్చటివారు వానిని దాచకుండుటచేత అట్లయ్యెనని ఆమె తేల్చెను. 1999లో ఆమె దీనిని మానసికభద్రత యను పేరుతో వివరించెను (చూ. మానసికభద్రత).

ముందుగ కుదిరిన విశ్వాసము: మాన్ గల్చ్, 1949

ఆపదలో ఆజ్ఞ చెల్లుననుట సైతము నాయకునిపై విశ్వాసము ముందుగ కుదిరియున్నపుడే. నాయకుని నిర్ణయము సరియైనదై యుండియు బృందము విననిచో కలుగు ఫలితమునకు ప్రసిద్ధోదాహరణము అమెరికాలోని మాంటానా రాష్ట్రమున, మాన్ గల్చ్ అను లోయలో 1949 ఆగస్టు 5న జరిగినది. విమానము నుండి దుమికి అడవిమంటలార్పు అటవీశాఖ బృందమునకు వాగ్నర్ డాడ్జ్ ఫోర్‌మన్. మంట తమను తఱుముకొని వచ్చుచుండగా, ఆయన తమ యెదుటనున్న గడ్డికి తానే నిప్పంటించి, అది కాలిపోయిన బూడిదలో పండుకొనుడని కేక వేసెను. ఎవరును వినలేదు, అందఱును కొండపైకి పరుగెత్తిరి. పదుమువ్వురు మరణించిరి, డాడ్జ్ ఆ బూడిదలోనే పండుకొని బ్రదికెను, మఱి యిద్దఱు ఒక రాతిచీలిక గుండ తప్పించుకొనిరి. కార్ల్ వైక్ 1993లో ఈ దుర్ఘటనను విశ్లేషించుచు, పనిముట్లను పాఱవేయుడని చెప్పబడిన క్షణమున తామెవరో, తమ నాయకుడెవరో అను స్పృహయే ఆ బృందమున చెదరిపోయెనని చూపెను. కష్టకాలమున చెల్లుబాటు కావలసిన మాట సుఖకాలమున సంపాదించుకొనవలసినదే. అప్పటికప్పుడు దానిని పుట్టించుట డాడ్జ్ వంటి నేర్పరికిని సాధ్యము కాలేదు.

సంస్థానిశ్చితి: హైదరాబాదు, 2009

తెలుగునాట ఈ విషయమున మిక్కిలి విస్తృతమైన అనుభవము సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థకు సంబంధించినది. 1987లో స్థాపింపబడి, యాభైవేలకు పైబడిన సిబ్బంది గలదని చెప్పుకొనిన ఈ సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు, 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డునకు వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపబడిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని వెల్లడించెను. ఆనాడొక్కనాడే సంస్థ వాటా ధర నాలుగింట మూడువంతులకు పైగ పడిపోయెను. సంస్థలో అసోసియేట్లని పిలువబడు ఉద్యోగులకు, ఆ నెల జీతము వచ్చునా యనునది మొదలుకొని, తమ అనుభవపత్రమునకు ఇకమీద విలువ యుండునా యనుదాని వఱకు, అన్నియు ప్రశ్నలే అయ్యెను. సంస్థకు తుదకు నికరముగ మిగిలినవి ఖాతాదారులకు నడుచుచున్న ప్రాజెక్టులును, వానిని నడుపు బృందములును మాత్రమే.

కేంద్రప్రభుత్వము పాతబోర్డును తొలగించి, జనవరి 11న కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, సి. అచ్యుతన్ అనువారిని, కొలది దినములకు తరుణ్ దాస్, టి. ఎన్. మనోహరన్, ఎస్. బాలకృష్ణ మైనక్ అనువారిని డైరెక్టర్లుగ నియమించెను. లెక్కలను తిరుగదోడుటకు సంవత్సరములు పట్టును. జీతమునకో నెలాఖరు గడువు. ఈ రెండు కాలమానములను వేఱుచేసి, జీతములకును దైనందిన వ్యయమునకును బ్యాంకుల నుండి 600 కోట్ల రూపాయల ఋణమును సమకూర్చుట నూతన బోర్డు తొలిపనులలో ఒకటి. ఫిబ్రవరి 5న, బయటివానిని గాక, సంస్థలోనే చిరకాలము పనిచేసిన ఏ. ఎస్. మూర్తిని ముఖ్యకార్యనిర్వహణాధికారిగ నియమించిరి. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వాటా యొక్కింటికి 58 రూపాయల ధరతో వేలమున నెగ్గెను. అనగా యజమాని యెవరో తెలియని కాలము ఇంచుమించు మూడునెలలు మాత్రమే. తరువాతి చరిత్రకంతకును ఈ వేగమే ఆధారమయ్యెను.

యజమాని కుదిరినంతమాత్రాన అనిశ్చితి తీఱలేదు. బెంచిపై నున్నవారు, అనగా ఏ ప్రాజెక్టునందును నియుక్తులు కానివారు, అధికముగ నుండుటచేత, 2009 జూన్‌లో వేలాదిమందిని వర్చువల్ పూల్ అను ఏర్పాటుక్రింద, ఉద్యోగమునుండి తొలగింపక, తగ్గించిన వేతనముతో ఇంటివద్ద నుంచిరి. పని దొరికినపుడు పిలుతుమనిరి. ఈ యేర్పాటును తొలగింపుకంటె మేలనినవారును, తొలగింపునకే మెత్తని పేరనినవారును గలరు. రెండు వాదములకును ఆధారములున్నవి: కొంత ఆదాయమును, ఉద్యోగి యను పేరును మిగిలినవి, నిర్ణయము మాత్రము మఱికొన్ని నెలలకు వాయిదా పడినది, ఆ నెలల భారమును ఉద్యోగియే మోసెను. 2013 జూన్‌లో సంస్థ టెక్ మహీంద్రాలో విలీనమయ్యెను.

మిగిలినవారి స్థితి

తొలగింపుల తరువాత ఉద్యోగములలో మిగిలినవారిపై జోయెల్ బ్రాక్నర్ 1980లలో పరిశోధనలు జరిపెను. పోయినవారికి న్యాయము జరిగినదని నమ్మినచో మిగిలినవారి పనితీరు నిలుచుననియు, అన్యాయము జరిగినదని నమ్మినచో, ముఖ్యముగ పోయినవారు తమకు ఆప్తులైనపుడు, సంస్థపై వారి నిష్ఠ సడలుననియు ఆ పరిశోధనలు సూచించుచున్నవి. ఎవరు పోయిరను విషయమునకంటె ఎట్లు పంపబడిరను విషయము ముందు గమనింపబడునని దీని యర్థము. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడిన తరువాత, బృందములు ఇండ్లలో చెదరియున్న కాలమున, ఈ గమనించుట సైతము కష్టమయ్యెను. ప్రక్కబల్ల ఖాళీయైనదని తెలియుటకు ప్రక్కబల్లయే లేదు.

విమర్శ

జేమ్స్ మైండ్ల్ తన సహచరులతో 1985లో ప్రకటించిన పరిశీలన ఈ శాస్త్రమునంతటిని ప్రశ్నించునది. ఫలితములు మిక్కిలి మంచివైనపుడును, మిక్కిలి చెడ్డవైనపుడును జనులు కారణమును నాయకునియందే వెదకుదురనియు, అది వాస్తవముకంటె మోహమనియు వారి వాదము. శ్రీహరికోట రెండవ ప్రయోగమును విఫలమై యుండినచో ధావను వృత్తాంతము నేడు పాఠ్యాంశమగునా యను ప్రశ్న ఈ వాదమునకు చెందినదే. నెగ్గినవారి కథలే లిఖింపబడును గనుక, ఈ విషయమున ఉదాహరణములను జాగ్రత్తతో గ్రహింపవలెను.

రెండవ విమర్శ నీతికి సంబంధించినది. బృందమును నెమ్మదిగ నుంచుట యజమానికి లాభము. వేఱు ఉద్యోగము వెదకుకొనవలసిన వేళ నెమ్మదిగ నుండుట ఉద్యోగికి నష్టము. నాయకుడు ఇరువురకును బాధ్యుడు. సంస్థ మేలును, మనుష్యుని మేలును ఒకటే యని చెప్పు గ్రంథములు ఈ చిక్కును దాటవేయుచున్నవి. దీనికి పూర్తి పరిష్కారము లేదు; నిజమును తొందరగ చెప్పుటయే ఉన్నవానిలో తక్కువ చెడ్డది.

భారతదేశమందలి శాసనస్థితి (చూ. పారిశ్రామిక వివాదముల చట్టము)

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, 1953లో చేర్చబడిన ప్రకరణము ప్రకారము, లేఆఫ్‌లో (పని లేక తాత్కాలికముగ నిలుపబడి) నున్న కార్మికునికి మూలవేతనము, కరవుభత్యములలో సగమును, రిట్రెంచ్‌మెంట్‌కు (శాశ్వతమైన తొలగింపునకు) గురియైనవానికి నెల నోటీసును, నిండిన ప్రతి సంవత్సర సర్వీసుకు పదునైదు దినముల సగటు వేతనమును విధించెను. సాధారణముగ చివర చేరినవానిని మొదట తొలగింపవలెను. ఈ క్రమమును తప్పినచో యజమాని కారణములు వ్రాసియుంచవలెను. 1976లో చేర్చబడి తరువాత సవరింపబడిన ప్రకరణము, నూఱుగురు గాని అంతకు మించిగాని కార్మికులు గల కర్మాగారములు, గనులు, తోటలలో తొలగింపునకు ప్రభుత్వానుమతి నవసరము చేసెను. 2025 నవంబరులో ఆ చట్టమునకు మాఱుగ అమలులోనికి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి ఆ సంఖ్యను 300కు పెంచెను. ఈ రక్షణలన్నియు చట్టనిర్వచనమున కార్మికుడనబడువానికే. ప్రధానముగ నిర్వాహక హోదాలో నున్నవారును, పర్యవేక్షక హోదాలో నుండి, 2025 వఱకు 1947 చట్టము ప్రకారము నెలకు 10,000 రూపాయలకును, ఆపై 2020 స్మృతి ప్రకారము 18,000 రూపాయలకును మించిన వేతనము పొందువారును ఆ నిర్వచనమున చేరరు. అందుచేత బృందమునకు తొలగింపు వార్తను వినిపించు నాయకునికి, ఆయన ఆ నిర్వచనమున చేరనివాడైనచో, తన వంతు వచ్చినపుడు, నియామకపత్రమందలి షరతులే తప్ప ఈ శాసనముల నుండి రక్షణ లేదు.